ఏడురాళ్ళ కమ్మలు

పెట్టె తెరిచిన ఆదివారం నుంచి చోడవరం మందిరంలో ఎవరూ గొంతెత్తి పాట పాడలేదు.

పెట్టెలో ఉన్నవి నగలు. ఈ సంఘంలో బాప్తిస్మం తీసుకునే ప్రతి ఆడమనిషీ, ఏట్లో దిగబోయే ముందు, ఒంటి మీదున్న బంగారమంతా తీసి ఇత్తడి పళ్ళెంలో పెట్టాలి. తాళి, ముక్కుపుడక, కమ్మలు, ఏదీ ఉంచుకోకూడదు. మళ్ళీ బతికుండగా పెట్టుకోకూడదు. ఆ నగలు మందిరానికి చెందుతాయి. రేకుల కప్పు తీసి శ్లాబు వేసే రోజున అమ్ముదామని వాటిని ఏళ్ళ తరబడి ఒక ఇనపపెట్టెలో దాచారు. ఆ రోజు వచ్చింది. పెట్టె తెరిచారు. అనకాపల్లి నుంచి పిలిపించిన షరాబు ఒక్కొక్కటే గీటురాయి మీద గీసి చూసి, అన్నీ గిల్టువే అన్నాడు.

పెట్టె తాళం చిన్నతల్లి దగ్గర ఉంటుంది. మందిరం ఊడ్చి, బల్ల మీద పరిచే గుడ్డలు ఉతికి, ఆ వెనక గదిలోనే కాలం వెళ్ళదీస్తున్న మనిషి ఆమె. భర్త పోయాడు. ఒక్కతే కూతురు, రేవతి. విశాఖపట్నంలో చదివి, అక్కడే ఒక ల్యాబులో పనిచేస్తూ శనివారాలు బస్సెక్కి తల్లి దగ్గరికి వస్తుంది.

రేవతికి ఒక నిజం తెలుసు. కిందటి నెలలో, తనతో కలిసి పనిచేసే కనకమహాలక్ష్మి వాళ్ళన్నయ్య పెళ్ళివిందుకి వెళ్ళినప్పుడు, ఒక ఆడమనిషి చెవులకి ఏడురాళ్ళ కమ్మలు చూసింది. ఒక చెవి కమ్మకి ఏడూ ఎర్రరాళ్ళే. రెండో చెవి కమ్మకి మాత్రం ఆరు ఎరుపు, ఒకటి పచ్చ. రాయి ఊడిపోతే మాడుగులలో బాగుచేసినాయన, ఆ పూట ఎర్రరాయి లేక, పచ్చది పొదిగాడు. అవి ముసలి అచ్చియ్యమ్మ కమ్మలు. ఆవిడ బాప్తిస్మం నాడు ఏటిగట్టున పళ్ళెం పట్టుకుని నిలబడింది అప్పటికి చిన్నపిల్లయిన రేవతే.

ఆ కమ్మలు పెట్టుకున్నది రూపాదేవి. సంఘపెద్ద కృష్ణంరాజు కోడలు. మందిరంలో తెల్లచీర కట్టి, కనుబొమల దాకా ముసుగు వేసే రూపాదేవి ఆ విందులో పట్టుచీర కట్టుకుంది. జడనిండా కనకాంబరాలు పెట్టుకుంది.

నోరు విప్పడానికి రేవతికున్న అడ్డు ఒక్కటే. ఆ విందుకి రేవతి కూడా పట్టుచీరలోనే వెళ్ళింది. చెవులకి కనకమహాలక్ష్మి జుంకాలు పెట్టుకుంది. అద్దంలో ఒక్కసారి తనని తాను అలా చూసుకోవాలనిపించింది, అంతే. చేతులు కడుక్కునే చోట ఇద్దరూ ఎదురుపడ్డారు. కాసేపు ఒకరి చెవులు ఒకరు చూసుకున్నారు.

"నువ్వు నన్ను సూడ్లేదు. నేను నిన్ను సూడ్లేదు. సరేనా?" అంది రూపాదేవి.

రేవతి తలూపింది.

ఇప్పుడు శనివారం వచ్చింది. చిన్నతల్లిని సంఘం ముందు నిలబెట్టే రోజు.

* * *

పొద్దున్న గదిలో చిన్నతల్లి కూతురికి తల దువ్వుతోంది. ఎప్పుడూ దువ్వినట్టే, నూనె చేయి తలకి రాసి, పాయలు తీసి. దువ్వెన ఎడమచెవి దగ్గరికి వచ్చి ఆగింది.

రేవతి చెవులు పసిగుంటగా ఉన్నప్పుడు కుట్టించినవి. తర్వాత తల్లి సంఘంలో చేరింది, చెవులు బోసిపోయాయి, కానీ కన్నాలు పూర్తిగా పూడలేదు. ఆ విందునాడు జుంకా శీల బలవంతాన దూర్చడంతో తమ్మె చీరుకుంది. అది చీము పట్టి, తగ్గి, ఇప్పుడు చిన్న చెక్కు కట్టింది.

చిన్నతల్లి వేలితో ఆ చెక్కుని తడిమింది.

తల్లి చూసేసిందని రేవతికి తెలిసింది. అడుగుతుందనుకుంది. అడిగితే మొత్తం చెప్పేద్దామనుకుంది. అడిగితే బావుండునని కూడా అనుకుంది.

"ముసుగు సెవుల మీదికి లాక్కో. గాలి సల్లగా ఉన్నాది," అంది తల్లి.

గాలి చల్లగా లేదు. చెరకు లారీలు లేపిన దుమ్ముతో గదంతా ఉక్కపోతగా ఉంది.

"అమ్మా, ఈ రోజు ఏటి సెప్తావు వాళ్ళకి?"

"దేవుడేం సెప్పమంటే అది సెప్తాను."

"నువ్వు తియ్యలేదని సెప్పు."

చిన్నతల్లి జడ చివర రబ్బరు బిగించి లేచింది. "నువ్వు మాత్రం నోరెత్తకు. ఆడగుంటవి. ఎల్లాల్సిన ఇల్లు ఉన్నాది నీకు." చీపురు తీసుకుని మందిరం ఊడవడానికి వెళ్ళిపోయింది. తనని దొంగ అంటున్న వాళ్ళు కూర్చునే చాపలు తనే పరిచింది.

* * *

నెలకొక ఆదివారం ప్రభువు బల్ల, అందరూ రొట్టె పంచుకునే ఆరాధన. ముందురోజు సాయంత్రం సమాధాన కూటం. ఒకరి మీద ఒకరికి ఏ మాట ఉన్నా ఆ కూటంలో బయటపెట్టి సరిచేసుకోవాలి. సరిచేసుకోకుండా మర్నాడు రొట్టె ముట్టకూడదు. మామూలుగా ఆ కూటంలో వచ్చే తగవులు చిన్నవి. ఒకరి గొడ్డు ఒకరి చెరకులో పడిందనీ, ఒకావిడ తోటికోడలి వంటని వెక్కిరించిందనీ. ఏడ్చుకుని, వందనాలు చెప్పుకుని వెళ్ళిపోతారు.

ఈ సాయంత్రం గుమ్మం దగ్గర కృష్ణంరాజు ఎప్పటికన్నా ముందే వచ్చి నిలబడ్డాడు. బెల్లం వర్తకుడాయన. తెల్లచొక్కా, మెడదాకా బొత్తాలు. చేతికి గడియారం లేదు, నెరిసిన తలకి రంగు లేదు. లోపలికి వచ్చే ఎవరినైనా ముందు కాళ్ళు, తర్వాత చేతులు, తర్వాత మెడ చూస్తాడు. ఇతరులకి చెప్పేది తను చెయ్యని మనిషి కాదు. వేలికి బిగుసుకుపోయిన పెళ్ళి ఉంగరాన్ని రంపంతో కోయించుకున్నాడు. ఆ మచ్చ ఇంకా ఉంది. అందుకే ఆయనంటే అందరికీ భయం.

"అప్పయమ్మా, తల్లో అదేటి?"

"పిన్నీసు బాబూ."

"మెరుస్తన్నాది."

"కొత్తది కదా బాబూ. పాతబడ్డాక మెరవదు. అందాకా ఇంటికాడ కూర్సోమంటావా?"

వెనక ఎవరో నవ్వబోయి ఆపుకున్నారు. కృష్ణంరాజు నవ్వలేదు. "తీసి లోపలికెల్లు."

అప్పయమ్మ పిన్నీసు లాగి బైబిలు సంచిలో పడేసింది. ముడి ఊడి జుట్టు భుజాల మీద పడింది. "ఇప్పుడు సక్కగా ఉన్నాది. జుట్టు ఇరబోసుకుని దెయ్యంలాగ," అని గొణుక్కుంటూ లోపలికి పోయింది.

తర్వాత రేవతి. వెలిసిన గోధుమరంగు చీర కట్టుకుంది. ముసుగు గడ్డం కింద చేత్తో పట్టుకుంది. ఆయన చూపు చీర అంచు మీద ఆగింది.

"జరీయా?"

"కాదు పెద్దయ్యా. దారం."

ఆయన వంగి చూశాడు. చూసి లేచేటప్పుడు ఆయన ముఖం రేవతి చెవికి జానెడు దూరంలోంచి పోయింది. ఒక్క పొర గుడ్డ అడ్డు.

"పసుపు దారమైనా దూరాన్నించి జరీలాగే అవుపిస్తాది. మరింక కట్టకు."

"అలాగే పెద్దయ్యా."

చిన్నతల్లి వచ్చినప్పుడు మాత్రం ఆయన ఏమీ చూడలేదు. ఒక అడుగు వెనక్కి వేసి దారిచ్చాడు. అది మర్యాద కాదని ఆమెకీ తెలిసింది.

* * *

మగవాళ్ళు ఎడమవైపు, ఆడవాళ్ళు కుడివైపు. మధ్యలో చెక్కబల్ల, దాని మీద ఉతికిన తెల్లగుడ్డ. పాస్టరు బంగార్రాజు అయ్యగారు బల్ల వెనక నిలబడి ప్రార్థన చేశాడు. సన్నటి మనిషి. 'బంగారం వద్దనే బంగార్రాజు' అని బజారులో కుర్రాళ్ళు వెక్కిరిస్తే, వాళ్ళతోపాటు తనూ నవ్వేవాడు. వారం నుంచి నవ్వు లేదు.

రేవతి కళ్ళు తెరిచేసరికి రెండు వరుసల ముందు రూపాదేవి వీపు కనిపించింది. నెలకొకసారి, బల్ల ముందురోజునే, భర్తతో కలిసి విశాఖపట్నం నుంచి వస్తుంది. తెల్లచీర, మోచేతుల దాకా జాకెట్టు. మగవాళ్ళ వైపు గోడకి ఆనుకుని ఆమె భర్త సంతోష్‌కుమార్, తండ్రిలాగే మెడదాకా బొత్తాలు పెట్టుకుని కూర్చున్నాడు.

"చిన్నతల్లీ, లెగు," అన్నాడు కృష్ణంరాజు.

చిన్నతల్లి లేచింది.

"పెట్టె తాళం ఎక్కడ పెడతావు?"

"బొడ్లో పెట్టుకుంటాను బాబూ."

"పెట్టె ఎప్పుడెప్పుడు తెరిసేదానివి?"

"బాప్తిస్మాలు అయినప్పుడల్లా. పళ్ళెంలోవి గుడ్డలో పోసి, మూటకట్టి, మూసీసేదాన్ని."

"లోపలున్నవి సూసేదానివి కదా. మారిపోయేయని నీకు తెలీలేదా?"

"సూడ్లేదు బాబూ."

"పెట్టె తెరిసి సూడ్లేదా?"

"బంగారం వైపు సూడకూడదన్నారు కదా మీరు. మొకం అటు తిప్పుకునే పోసేదాన్ని."

రోడ్డు మీద మాడుగుల బస్సు హారన్ కొట్టుకుంటూ పోయింది. కృష్ణంరాజు ఏదో అడగబోయి ఆగాడు. ఆయనా ఆ పెట్టెలోకి ఎప్పుడూ తొంగిచూడలేదు. అయ్యగారూ చూడలేదు. ప్రతి బాప్తిస్మం నాడూ పళ్ళెం తిరిగితే అందరూ తలలు దించుకున్నారు. బంగారానికీ గిల్టుకీ తేడా తెలిసిన కళ్ళు ఈ సంఘంలో ఉంటే, అవి ఉన్నాయని ఒప్పుకోవడమే సిగ్గు.

"కాపలా నీది," అన్నాడాయన చివరికి. "తాళం నీది. తీసింది నువ్వయితే ఇక్కడ ఒప్పుకో. సంఘం క్షమిస్తాది. గది కాళీ చేసి పోదువుగాని. ఒప్పుకోకపోతే రేపు ఆరాధన అయ్యేక స్టేషన్‌కెల్తాం. నాకు వేరే దారి కనిపించటం లేదు. నీకేదైనా కనిపిస్తే సెప్పు."

చిన్నతల్లి బల్ల వైపు చూసింది. పొద్దున్న తను పరిచిన గుడ్డ వైపు. తర్వాత కూతురి వైపు చూసింది. చూపు కళ్ళ మీద ఆగలేదు. చెవి మీద, ముసుగు కింద చెక్కు ఉన్నచోట, ఆగింది.

అప్పుడు రేవతికి అర్థమైందనిపించింది. అమ్మ పొద్దున్న ఎందుకు అడగలేదో. ముసుగు లాక్కోమని ఎందుకందో. చెవికి కొత్తగా బంగారం తగిలిన గుర్తు చూసింది, గిల్టు నిండిన పెట్టెని తలుచుకుంది, రెండూ కలిపింది. కూతురే దొంగ అనుకుంటోంది.

"బాబూ," అంది చిన్నతల్లి. "అది నేనే..."

"అమ్మా, ఆగు."

రేవతి లేచి నిలబడింది. ఆ మందిరంలో పిలవకుండా ఆడమనిషి లేవడమన్నదే లేదు. అప్పయమ్మ కొంగు పట్టి లాగింది. "కూకోయే గుంటా."

"కూర్చోను పిన్నీ." రేవతి అయ్యగారి వైపు తిరిగింది. "అయ్యగారూ, సమాధాన కూటమే కదా ఇది. నాకు సరిచేసుకోవలసింది ఉంది."

"చెప్పమ్మా," అన్నాడు బంగార్రాజు.

రేవతి ముసుగు తీసేసింది.

ఆడవాళ్ళ వైపు గుసగుస లేచింది. కృష్ణంరాజు ముఖం పక్కకి తిప్పుకున్నాడు. "ముసుగు ఏసుకో."

"వేసుకుంటే కనిపించదు పెద్దయ్యా. చూడండి. గుమ్మంలో మీరు చూడనిది ఇది." జడ పక్కకి తీసి చెవి చూపించింది. "కిందటి నెల ఒక పెళ్ళివిందుకి వెళ్ళేను. పట్టుచీర కట్టేను. జుంకాలు పెట్టుకున్నాను, పూలు పెట్టుకున్నాను. ఎవరూ బలవంతం చెయ్యలేదు. నాకే పెట్టుకోవాలనిపించింది."

"ఎవరి జుంకాలు?"

"నా స్నేహితురాలివి. మర్నాడే ఇచ్చేసేను. పెట్టెలోవి కావు." ఆ మాట కృష్ణంరాజుకి కాదు, తల్లికి చెప్పింది. "నేను పెట్టె ముట్టుకోలేదమ్మా."

చిన్నతల్లి చూపు చెవి మీంచి కూతురి కళ్ళ మీదికి వచ్చింది.

కృష్ణంరాజు మెల్లగా అన్నాడు, "బంగారం పెట్టుకున్న మనిషి రేపు బల్లలో సెయ్యి ఎయ్యకూడదు. ఎన్నాళ్ళన్నది అయ్యగారు సెప్తారు. నిజం సెప్పినందుకు సంతోషం. కూర్సో."

"సగమే చెప్పేను. ఆ విందులో నేను అచ్చియ్యమ్మ మామ్మ కమ్మలు చూసేను. ఏడురాళ్ళవి. ఆరు ఎరుపు, ఒకటి పచ్చ."

గోడవారగా కూర్చున్న అచ్చియ్యమ్మ తలెత్తింది. రెండు కళ్ళకీ పొరలు వచ్చి మనుషులు మసకగా కనిపిస్తారామెకి. చెవులు మాత్రం బాగా పనిచేస్తాయి.

"ఎవరి సెవికి సూసేవు?" అడిగాడు కృష్ణంరాజు.

విందులో తలూపి ఇచ్చిన మాట రేవతికి అడ్డం వచ్చింది. చెప్పకపోతే అమ్మ రేపు స్టేషన్‌లో బల్ల మీద కూర్చుంటుంది. చెబితే రెండు వరుసల ముందున్న ఆ తెల్లటి వీపు మళ్ళీ నిటారుగా నిలబడదు.

"రూపక్కా, నువ్వే సెప్పు. నా నోటితో సెప్పించకు," అంది.

తలలన్నీ ఒక్కసారి తిరిగాయి. రూపాదేవి తిరగలేదు. ముసుగు అంచు పట్టుకున్న వేళ్ళు మాత్రం తెల్లగా అయిపోయాయి.

* * *

కృష్ణంరాజు కేకలేస్తాడని అందరూ అనుకున్నారు. ఆయన కేకలెయ్యలేదు.

"నా కోడలా?" అన్నాడు. వేలిమీది మచ్చ రుద్దుకున్నాడు. "ఒక్కరి మాట మీద ఎవర్నీ తప్పు పట్టకూడదన్నది మన కట్టుబాటు. నీ తల్లికెంతో నా కోడలికీ అంతే. రెండో సాక్షి ఎవరు?"

"ఎవరూ లేరు. అక్కడ మన సంఘం వాళ్ళం ఇద్దరమే."

"ఇద్దరిలో ఒకర్తి తప్పు చేసి వచ్చింది. ఆవిడ మాటే నమ్మమంటావా?"

"తప్పు చేసేను కాబట్టే చూసేను పెద్దయ్యా. చెయ్యకపోతే అక్కడ ఉండేదాన్ని కాదు."

మగవాళ్ళ వైపు ఒకాయన గొంతు సవరించుకున్నాడు. బంగార్రాజు అయ్యగారు బల్ల చుట్టూ తిరిగి ముందుకొచ్చాడు.

"రూపమ్మా," అన్నాడు. "నేను నిన్ను లెమ్మనను. ముసుగు తియ్యమనను. ఇన్నాళ్ళూ తీసిన ముసుగులూ వేసిన ముసుగులూ చూసే మనం కాపలా కాసేం. నువ్వు కూర్చునే ఉండు. చెప్పాలనుకుంటే చెప్పు."

రూపాదేవి తల ఇంకా కిందికి దించుకుంది. "నాకేమీ తెలీదు అయ్యగారూ. నేను ఏ విందుకీ వెళ్ళలేదు."

మాట స్పష్టంగా వచ్చింది. తడబాటు లేదు. రేవతికి రేపటి బల్ల పోయింది. పరువు పోయింది. అమ్మ ఇంకా అక్కడే నిలబడి ఉంది.

"విన్నావు కదా. కూర్సో," అన్నాడు కృష్ణంరాజు. ఆయన గొంతులో గెలిచిన జాడ లేదు. అలసట మాత్రమే ఉంది. "చిన్నతల్లీ, నువ్వేదో సెప్పబోయేవు. సెప్పు."

అప్పుడు కర్ర చప్పుడైంది. అచ్చియ్యమ్మ లేచింది. చాపల మధ్య నుంచి, కూర్చున్నవాళ్ళ భుజాలు పట్టుకుంటూ, తడుముకుంటూ వచ్చింది. "కృష్ణంరాజు కోడలెక్కడే? ఇటేనా?" అని అడుగుతూ రూపాదేవి పక్కన చతికిలబడింది. ఆమె చేయి వెతికి తన ఒళ్ళో పెట్టుకుంది.

"బయపడకే అమ్మా. నేనేటీ అడగను. ఆ కమ్మలు నావి కావు, దేవుడికిచ్చీసేను. ఇచ్చీసినవి మళ్ళీ అడుగుతారేటి?"

రూపాదేవి చెయ్యి వెనక్కి తీసుకోలేదు.

"నిజానికి నావీ కావు. నా కూతురివి. దానికి పెళ్ళికని చేయించేను. పెళ్ళయిన ఏడాదే జొరమొచ్చి పోయింది. ఒంటిమీద అవే ఉన్నాయి. నేనే నా సేత్తో తీసేను. తర్వాత నేను పెట్టుకున్నాను. ఏటి కాడ అవి తీసి పళ్ళెంలో ఏస్తన్నప్పుడు అందరూ నన్ను మెచ్చుకున్నారు, అచ్చియ్యమ్మకి లోకం మీద ఆశ సచ్చిపోయిందని. ఆశ కాదే తల్లీ. అది రెండోసారి పోయినట్టయింది నాకు. అలా సెప్తే బక్తి లేదంటారని ఎవరితోనూ అన్లేదు."

కృష్ణంరాజు ముఖం నేలకి వాలింది.

"కరిగించీసేరేమో అనుకున్నాను. ఉన్నాయంటే బాగున్నాది. ఎవరో ఒకరి సెవిని ఉన్నాయి కదా." ముసలావిడ రూపాదేవి అరచేతిని నిమిరింది. "ఒక్కటి సెప్పవే. ఆ పచ్చరాయి ఉన్నాదా? దానికెప్పుడూ నచ్చేది కాదు, ఊరందరూ ఎక్కిరిస్తారు మారిపించమ్మా అనేది. మారిపిద్దాం, మారిపిద్దాం అనుకుంటుండగానే పోయింది. ఇంకా అదే ఉన్నాదా?"

"ఉంది మామ్మా," అంది రూపాదేవి. "నేనూ మార్చలేదు."

అన్నాక గాని ఏమందో ఆమెకి తెలియలేదు. అరచేతిని నోటికి అడ్డం పెట్టుకుంది. తర్వాత అదీ తీసేసి, అచ్చియ్యమ్మ భుజం మీద తల వాల్చి ఏడ్చింది. ముసుగు జారిపోయింది. ఎవరూ వేసుకోమనలేదు.

కృష్ణంరాజు నిలబడినచోటే నేల మీద కూర్చుండిపోయాడు. చాప లేనిచోట. తెల్లబట్టలకి మట్టంటుతుందని ఆయనకి తోచలేదు.

"ఎవరిచ్చేరమ్మా నీకు?" అన్నాడు. ఆ గొంతుతో ఆయన మాట్లాడగలడని సంఘంలో ఎవరికీ తెలియదు.

"మీ అబ్బాయే పెట్టేరు మావయ్యగారూ. పుట్టినరోజుకి. పాతకాలపు పని, ఇప్పుడు దొరకదన్నారు. ఎవరివని నేను అడగలేదు. అడిగితే ఎక్కడ తీసేసుకుంటారోనని." కొంగుతో ముఖం తుడుచుకుంది. "ఈ గుమ్మం దాటి లోపలికొచ్చినప్పుడల్లా మీరు నా చేతులు చూసేవారు. మెడ చూసేవారు. శుభ్రంగా ఉన్నానని తలూపేవారు. బస్సు దిగేముందే తీసి సంచిలో పెట్టుకునేదాన్ని మావయ్యగారూ."

రేవతి తల్లి దగ్గరికి వెళ్ళి చెయ్యి పట్టుకుంది. అయిపోయిందమ్మా అని చెప్పబోయింది. నీ మీద మచ్చ పోయిందని చెప్పబోయింది.

"సంతోష్," అన్నాడు కృష్ణంరాజు నేల మీద నుంచే. "లెగు."

సంతోష్‌కుమార్ లేవలేదు.

"లేవండి," అంది రూపాదేవి. "నేను చెప్పేను కదా. మీరూ చెప్పండి."

అతను లేచాడు. గోడకి ఆనుకున్న వీపు మీద సున్నం అంటింది. భార్యని చూడలేదు. తండ్రిని చూడలేదు. బంగార్రాజు అయ్యగారు ఒక అడుగు అతని వైపు వేస్తే, చేత్తో ఆగమన్నట్టు సైగ చేశాడు.

"మార్చింది నేనే," అన్నాడు. "ఒక్కసారి కాదు. గిల్టువి తెచ్చి పెట్టి అసలువి పట్టుకెళ్ళేను. అమ్మేను. కమ్మలొక్కటే అమ్మబుద్ధి కాలేదు. స్టేషన్‌కి రమ్మంటే వస్తాను."

"ఎలా తెరిసేవురా?" అన్నాడు కృష్ణంరాజు. "దొంగతాళం చేయించేవా?"

"లేదు నాన్నా. తాళం విరగ్గొట్టలేదు, మారుతాళం చేయించలేదు. నేను వెళ్ళేసరికి పెట్టె తెరిచే ఉండేది."

సంతోష్‌కుమార్ ఆడవాళ్ళ వైపు తిరిగాడు. చూపు ఎవరినీ వెతకలేదు. నేరుగా చిన్నతల్లి మీద నిలిచింది.

"రేవతికి తెలియకూడదనే ఇంతసేపూ నోరు మూసుకున్నాను అత్తా. ఇంక నావల్ల కాదు. నాకోసం పెట్టె ఎందుకు తెరిచి పెట్టేవో, నీ వాటా డబ్బు ఎవరి చదువుకి కట్టేవో నీ కూతురికి నువ్వు సెప్తావా, నన్ను సెప్పమంటావా?"

రేవతి తల్లి ముఖంలోకి చూసింది. అబద్ధమని అమ్మ అంటుందని ఎదురుచూసింది.

చిన్నతల్లి కూతురి చేతిలోంచి తన చెయ్యి మెల్లగా విడిపించుకుంది.